నాలుగో చక్రం

కడపలో నన్ను కొత్తగా చూసినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. ఆడమనిషివి, కారు చక్రాలు కడిగే పని నీకెట్లా అంటుకుందని. నవ్వి ఊరుకునేదాన్ని. ఎవరైనా కోరి తెచ్చుకునే పనా అది. నా తమ్ముడు చిన్న ఈరన్న తిమ్మయ్యగారి దగ్గర కారు తోలేవాడు. తోలేవాడే కడగాలి. పొద్దున పోయిన కారు పొద్దుగూకే వేళకు వచ్చేది. దిగేటప్పటికి వాడికి నడుము నిలిచేది కాదు. కారు ఒళ్లంతా గుడ్డతో తుడిచి, చక్రాల దగ్గరికి వచ్చేసరికి బొక్కెన పక్కన చతికిలబడేవాడు. ఒకరోజు చూడలేక ఆ బొక్కెన నేను అందుకున్నాను. మరుసటి రోజు ఎవరూ చెప్పకుండానే అది నా చేతికి వచ్చింది. ఆ తర్వాత అది నా పనే అయిపోయింది.

అది యాభై అయిదో సంవత్సరం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఎలక్షన్లు అయిపోయి నెల దాటింది. తిమ్మయ్యగారిది బనగానపల్లెలో మామిడితోటలున్న కుటుంబం. కడపకు వచ్చి ఇల్లు కట్టుకుని, రోడ్లూ వంకల మీద మోరీలూ కట్టించే కాంట్రాక్టులు చేసేవారు. ఆ వేసవిలో ఆయనకు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మద్రాసులో ఎవరి దగ్గరో కొన్న పాత నల్లకారు ఒకటుండేది. అది ఒకరోజు కర్నూలు, ఒకరోజు ప్రొద్దుటూరు, ఒకరోజు రాజంపేట అని తిరుగుతూనే ఉండేది.

నా పేరు ఉరుకుందమ్మ. మేం కర్నూలు జిల్లా కోసిగి వాళ్లం. రెండేళ్లు వరసగా వానలు లేక రైలెక్కి కడపలో దిగాం. నేను, ఈరన్న, వాడి పెండ్లాం గురమ్మ. నా పెనిమిటి పోయి అప్పటికి ఆరేళ్లు, నాకు పిల్లలు లేరు. ఈరన్నను కని మా అమ్మ కన్ను మూస్తే వాణ్ణి చంకన వేసుకుని పెంచింది నేనే. తుంగభద్ర మీద డ్యాం కట్టేటప్పుడు వాడు అక్కడ లారీల మీద కూలికి చేరి, తోలడం నేర్చుకున్నాడు. ఆ విద్యే మాకు కడపలో అన్నం పెట్టింది. తిమ్మయ్యగారు తమ పెరటి గోడకు ఆనుకుని ఉన్న రెండంకణాల కొట్టాన్ని మాకు ఇచ్చారు. ఆయన భార్య కృష్ణవేణమ్మ నన్ను వాకిలి పనికి పెట్టుకుంది. డబ్బుల్ని నేను 'దుడ్లు' అంటే ఆమె కోడలు రామసుబ్బమ్మ పకపకా నవ్వి, మళ్లీ అనమనేది.

కారు చక్రం కడగడమంటే బండిచక్రం మీద నీళ్లు చల్లినట్టు కాదు. పైనున్న దుమ్ము సులువుగానే పోతుంది. ఎర్రగుంట్ల వైపు పోయివస్తే తెల్లగా సున్నంలాంటి దుమ్ము, ప్రొద్దుటూరు వైపు పోయివస్తే నల్లరేగడి, దాని మీద రోడ్డంతా ఎద్దులు వేసిన పేడ. తారు అంటితే కిరసనాయిలు గుడ్డతో రుద్దాలి. ఇదంతా ఒక ఎత్తు, లోపలివైపు పట్టే నల్లపొడి ఒక ఎత్తు. బ్రేకు తొక్కినప్పుడల్లా లోపల అట్టలు అరిగి రాలే పొడి అది అని ఈరన్న చెప్పాడు. నీళ్లు పోస్తే పోదు, ఇంకా అతుక్కుంటుంది. ముందు పొడిగుడ్డతో దులిపి, తడి బూడిదతో కొబ్బరిపీచు పెట్టి తోమి, చక్రానికున్న బెజ్జాల్లో వేపపుల్లతో గీకాలి. చక్రం వెనక్కి చెయ్యి పోనివ్వాలంటే నేల మీద చెంప ఆనించి పడుకోవాలి. వేసవిలో బావి అడుగంటింది, నాలుగు చక్రాలకు రెండు బొక్కెనల నీళ్లే. పని అయ్యేసరికి నా గోళ్లలో, అరచేతి గీతల్లో, ముక్కులో కూడా ఆ నలుపే. ఎంత కడుక్కున్నా సంగటిముద్ద ఇనుము రుచి వచ్చేది.

తిమ్మయ్యగారు కారెక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చక్రాలు చూసేవారు. అవి మెరుస్తూ ఉంటే ఏమీ అనరు. మెరవకపోతే ఈరన్న వైపు చూస్తారు. పనిలో పెట్టుకున్న మొదటిరోజే ఈరన్నకు ఒక మాట చెప్పారట. అంతకుముందున్న డ్రైవరు ఆయనకు చెప్పకుండా కార్లో బాడుగ మనుషుల్ని తిప్పాడట. నాతో చెప్పకుండా కారు గేటు దాటిందంటే తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లిపో అని చెప్పారు. ఈరన్న తానుగా ఆ మాట తప్పలేదు. తప్పించింది నేను.

ఉగాది పండుగ మధ్యాహ్నం గురమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆరో నెల. అంతకుముందు ఒక కాన్పు అయిదో నెలలోనే పోయింది. పిల్ల చాప మీద మెలికలు తిరిగిపోతోంది. పెద్దాసుపత్రి చాలా దూరం. ఎండకు వీధిలో ఒక్క జట్కా లేదు. ఇంట్లో పండుగ భోజనాలు అయి అందరూ పడుకున్నారు. నేను ఈరన్నను పిలిచి కారు తీయమన్నాను.

"అయ్య నిద్రపోతాండాడక్కా. లేసినంక అడిగి..."

"నీ పెండ్లాం పోయినంక అడుగుతావా?" అన్నాను.

వాడు గేటు చప్పుడు కాకుండా తీసి, కారును కొంతదూరం చేత్తోనే నెట్టి, తర్వాత ఎక్కాడు. అంతగా తోమిన కార్లో నేను కూర్చున్నది ఆ ఒక్కసారే. ఆసుపత్రిలో మందేదో తాగించి కాసేపు పడుకోబెట్టారు, నొప్పులు తగ్గాయి, బిడ్డ కదిలింది. తిరిగి వచ్చేటప్పుడు బజారు వీధిలో ఎవరి కంటా పడకూడదని ఈరన్న వెనక సందులో నుంచి తెచ్చాడు. అక్కడ కాలవ మీద పరిచిన నాపబండ ఒకటి విరిగి ఉంది. ముందు ఎడమ చక్రం అందులోకి దిగి, బండ అంచుకు గట్టిగా కొట్టుకుంది. ఈరన్న దిగి చూసి, చేత్తో తడిమి, మళ్లీ ఎక్కాడు. మేం ఇల్లు చేరేసరికి తిమ్మయ్యగారు ఇంకా లేవలేదు. కారు ఎక్కడిది అక్కడే నిలిచింది. ఎవరికీ తెలియలేదు.

తర్వాత ఎనిమిది రోజులకు శ్రీరామనవమి వచ్చింది. కృష్ణవేణమ్మ బంధువులు బనగానపల్లె నుంచి, నంద్యాల నుంచి దిగారు. ఒంటిమిట్ట ఉత్సవాలకు కారు రోజుకు రెండు తూర్లు పోయి వచ్చేది. ఆ దారిలో జనం, బండ్లు, మేకలు. అడుగడుగునా బ్రేకు తొక్కాలి కాబట్టి చక్రాల లోపల నలుపు గుప్పెళ్లకొద్దీ పేరుకునేది. అలాంటి ఒక సాయంత్రం ముందు ఎడమ చక్రం వెనక్కి చెయ్యి పోనిస్తే పొడి తగలలేదు. తడిగా, జిగటగా, కాటుకలా చేతికి అంటింది. వాసన చూశాను. ఆముదం వాసన. మా కోసిగి చేలల్లో ఆముదాలు వలిచి, దంచి, కాచినదాన్ని. ఆ వాసన నాకు చెప్పనక్కర్లేదు. దానిలో ఏదో సారా ఘాటు కూడా కలిసి ఉంది.

ఈరన్నకు చెప్పాను. వాడు వేలితో తాకి చూశాడు. ముఖం ఒక క్షణం మారింది. గ్రీజు కరిగి ఉంటుందిలే, తుడిచెయ్యి అన్నాడు. తుడిచాను. మరుసటి రోజు మళ్లీ ఉంది, ఆ మరుసటి రోజు ఇంకొంచెం ఎక్కువైంది. మూడోసారి చెప్పినప్పుడు అటూ ఇటూ చూసి, నా పక్కన చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. బ్రేకు తొక్కితే గొట్టాల్లో నుంచి ఆముదం, సారాలాంటిదేదో కలిపిన నూనె వచ్చి అట్టల్ని నెడుతుందట. ఉగాది నాడు తగిలిన దెబ్బకు ఆ చక్రంలో రబ్బరు బిళ్ల ఏదో చిరిగింది. నూనె అక్కడినుంచి కారిపోతోంది.

మేస్త్రీకి చూపించమన్నాను. కార్లు బాగుచేసే ఏసేపు మేస్త్రీ తిమ్మయ్యగారి మనిషి, చక్రం విప్పితే ఇది యాడ తగిలిందని ముందు అడుగుతాడు అన్నాడు. డ్యాం రోజుల నుంచి తెలిసిన లారీ డ్రైవరు ఒకడు మద్రాసు పోతుంటాడట, వాడితో రబ్బరు బిళ్లలు తెమ్మని చెప్పాడట. అవి వస్తే తానే మార్చుకుంటాడట.

"అంతదాకా?" అన్నాను.

"రెండు తూర్లు తొక్కితే పట్టుకుంటాదిలే. నేను చూసుకుంటా గదా" అన్నాడు. లేస్తూ, "నువ్వు మాత్రం ఆడ తడి కనపడనీయొద్దక్కా" అన్నాడు.

అలా ఆ నెలంతా నేను రోజూ ఆ చక్రాన్ని తుడిచాను. మిగతా మూడింటికంటే దాన్నే ఎక్కువ శ్రద్ధగా తోమాను. తిమ్మయ్యగారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఏమీ అనకుండా కారెక్కేవారు. గేటు దాటిన కారు మళ్లీ గేటు ముందు హారన్ కొట్టేదాకా నాకు ఏ పనిలోనూ మనసు నిలిచేది కాదు. ఈరన్న చిక్కిపోయాడు. అన్నం ముందు కూర్చుని కుడికాలు ఊరికే నేలకేసి నొక్కుతూ ఉండేవాడు. గురమ్మ కాన్పు కోసమని నేను తెచ్చిపెట్టిన ఆముదం సీసా నెమ్మదిగా ఖాళీ అవుతూ వచ్చింది. బ్రేకు నూనె దొరకనప్పుడు వాడు దాన్నే సారాతో కలిపి పోస్తున్నాడు. గురమ్మ ఆ సీసాను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ అరుగు మీద పెట్టింది. నన్ను అడగలేదు. ఆ పిల్లకు అన్నీ తెలుసని నాకు అప్పుడు అర్థమయింది.

వైశాఖంలో కృష్ణవేణమ్మ చెల్లెలి కూతురి పెండ్లి రాయచోటిలో కుదిరింది. కృష్ణవేణమ్మ, రామసుబ్బమ్మ, రామసుబ్బమ్మ ఇద్దరు పిల్లలు రెండు రోజుల ముందే కార్లో పోవాలని అనుకున్నారు. తిమ్మయ్యగారు ముహూర్తానికి బస్సులో వస్తారు. రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కాలి. ఆ కనుమను నేను ఎప్పుడూ చూడలేదు. అటునుంచి కట్టెలమోపు తెచ్చి అమ్మే జ్ఞానమణి అనే ఆమెను గోడ పక్కన నిలబెట్టి అడిగాను. దారి కొండను చుట్టుకుంటూ పోతుందని, ఒక పక్క లోయ అని చెప్పింది. ఎక్కేటప్పుడు బాధ లేదట. దిగేటప్పుడు బండ్లవాళ్లు చక్రానికి కట్టె అడ్డం కట్టి, ఎద్దుల్ని పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దింపుతారట. వద్దన్నా వినకుండా ఒక పుల్ల పట్టుకుని మట్టిలో ఆ మలుపులు గీసి చూపించింది.

ప్రయాణం ముందురోజు ఈరన్నను అడిగాను. రబ్బర్లు రాలేదన్నాడు. మరి పోనని చెప్పమన్నాను.

"ఏమని చెప్పల్ల?" అన్నాడు.

జ్వరమని పడుకోమన్నాను. పడుకుంటే ఇంకో డ్రైవరును పిలుస్తారు, వాడికి రెండు తూర్లు తొక్కాలని తెలియదు, అది ఇంకా ప్రమాదం అన్నాడు. అదీ నిజమే. రెండో గేరులో మెల్లగా దింపుతాను, నువ్వు భయపడొద్దు అని నాకు చెబుతూ తన చేతుల వైపు చూసుకున్నాడు. చివరికి విసుగ్గా, "చక్రాలు బాగా కడుగు. పెండ్లికి పోయే కారు" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే కూర్చున్నాను. వెనక చక్రాలు రెండూ అయ్యాయి. ముందు కుడిది అయింది. మూడూ అద్దాల్లా ఉన్నాయి. నాలుగోదాని దగ్గరికి వచ్చి, చెంప నేలకానించి, లోపలికి చెయ్యి పోనిచ్చాను. అంతకుముందు ఏ రోజూ లేనంత తడి. చక్రం లోపలి అంచున నూనె చుక్క ఒకటి వేలాడుతూ ఉంది. చూస్తుండగానే అది జారి టైరు మీద పడింది. దాని వెనకే ఇంకో చుక్క.

పీచు నీళ్లలో ముంచాను. పిండాను. పక్కన పెట్టాను.

ఈరన్న పెట్టెలు తెచ్చి పైన కట్టాడు. పిల్లలిద్దరూ అప్పటికే వెనక సీట్లో ఎక్కి కిటికీ పక్క చోటు కోసం కొట్లాడుకుంటున్నారు. బుట్టలో మామిడిపండ్లు, పట్టుచీరల మూటలు, ఏదో ఇత్తడి బిందె. ఈరన్న నన్ను దాటిపోతూ ఒకసారి చక్రం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కానీమని కళ్లతోనే అన్నాడు. నేను లేచి, గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

తిమ్మయ్యగారు చేతిలో నాలుగు నిమ్మకాయలతో బయటికి వచ్చారు. ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టుకుంటూ తిరిగారు. నాలుగోదాని దగ్గర ఆగారు. బూడిద లేదు, నీళ్లు లేవు. రోడ్డు దుమ్ము అట్లానే ఉంది. ఆయన నన్ను వెతికి చూశారు.

"ఏమ్మే ఉరుకుందమ్మా. దీన్నొక్కదాన్ని ఏంటికి ఇడిసిపెట్టినావు?"

"లోపల చెయ్యి పెట్టి చూడండయ్యా" అన్నాను.

ఆయన పంచె సర్దుకుని వంగారు. తెల్ల చొక్కా చెయ్యి పైకి లాక్కుని చక్రం వెనక్కి పోనిచ్చారు. చెయ్యి బయటికి తీసినప్పుడు నాలుగు వేళ్లూ నల్లగా కారుతున్నాయి. వాసన చూశారు. కాంట్రాక్టరు ఆయన, లారీలు, మిషన్లు చూసిన మనిషి. లేచి నిలబడి ఈరన్న వైపు చూశారు. ఈరన్న డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఉగాది కాడినుంచి అయ్యా."

"ఎట్లైంది?"

"బండకు తగిలింది" అన్నాడు ఈరన్న. అంతవరకే చెప్పాడు. నా పేరు గాని, గురమ్మ పేరు గాని ఎత్తలేదు. అప్పుడు నేను ముందుకు వచ్చి, గురమ్మకు నొప్పులు వస్తే నేనే కారు తెమ్మన్నానని, వాడు వద్దన్నాడని మొత్తం చెప్పాను. తిమ్మయ్యగారు అరుస్తారనుకున్నాను. ఆయన గుడ్డ తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"లేపి అడిగింటే నేనే పంపుతుంటి గదప్పా" అన్నారు ఈరన్నతో. తర్వాత తన భార్య వైపు తిరిగి పిల్లల్ని దింపమన్నారు.

ఈరన్న తాళంచెవిని బానెట్ మీద పెట్టాడు. ఎవరూ పెట్టమని అనలేదు.

ఏసేపు మేస్త్రీ వచ్చి చక్రం విప్పాడు. లోపల అట్టలు నూనెలో నానిపోయి ఉన్నాయి. ఆయన తిమ్మయ్యగారితో మెల్లగా ఏదో చెప్పాడు. అది నా వరకు రాలేదు. కానీ కృష్ణవేణమ్మ మనవడినీ మనవరాలినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం దాకా కిందికి దిగనివ్వలేదు. పిల్లలు ఉక్కపోతకు గింజుకుంటున్నా వదలలేదు. ఆ సాయంత్రం బస్సుకు వాళ్లు పెండ్లికి వెళ్లారు.

ఈరన్న కొట్టంలో మూట కట్టుకుంటుంటే నేను గడప దగ్గర కూర్చున్నాను. మూట ముడి వేసి, తల ఎత్తకుండా అన్నాడు.

"నేను కనుమ ఎక్కేవాన్ని కాదక్కా. కింద సత్రం కాడ ఆపి, ఇంజను కాగిందని చెప్పి, వాళ్లను బస్సెక్కిద్దామని అనుకుంటి. నాతో ఒక మాట అనింటే సరిపోతుండె."

నేను మూడుసార్లు చెప్పానని అనబోయాను. కానీ ఆ పొద్దున చెప్పలేదు. అందరి ముందు పీచు పక్కన పెట్టి గోడ దగ్గర నిలబడ్డాను. అది కూడా నిజమే. వాడు నిజంగానే కింద ఆపాలని అనుకున్నాడో, ఇప్పుడు అనుకుంటున్నాడో నాకు తెలియలేదు. గురమ్మ ముఖం చూశాను. ఆమె చాప చుడుతూ ఉంది.

మరుసటి రోజు స్టేషన్లో గురమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఎనిమిదో నెల పొట్టతో రైలుపెట్టె ఎక్కలేక ఎక్కింది. నేనూ వస్తానని మూట తీసుకుని పోయాను. ఈరన్న ఆ మూటను నా చేతిలో నుంచి తీసుకోలేదు.

"నువ్వు ఈడనే ఉండక్కా. నీకు పని ఉండాది" అన్నాడు.

వాడు కోపంతో అన్నాడా, కోసిగిలో ముగ్గురికి తిండి లేదని అన్నాడా అని చాలాకాలం ఆలోచించాను. రైలు పోయాక అదే మూటతో తిరిగి వచ్చాను.

కృష్ణవేణమ్మ పెండ్లి నుంచి వచ్చి నాకు ఒక కొత్త చీర పెట్టింది. కళ్లకు అద్దుకుని పెట్టెలో వేశాను. కట్టుకోబుద్ధి కాలేదు. కొత్త డ్రైవరు వచ్చాడు, రాజంపేట మనిషి. కారు మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. వాడు నన్ను అమ్మా అని పిలిచేవాడు, చక్రాలు నావే అయ్యాయి. రోజూ నేల మీద చెంప ఆనించి చూసేదాన్ని. లోపల పొడి పొడిగానే ఉండేది. తుడిచి, తోమి, లేచేసరికి మోకాళ్లు పట్టేసేవి. నలభై ఏళ్లు కూడా లేవు నాకు, లేచి నిలబడటానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఇంట్లో అందరూ నాతో మంచిగా ఉండేవాళ్లు. మునుపటికంటే మంచిగా. రామసుబ్బమ్మ నా మాటల్ని ఎగతాళి చేయడం మానేసింది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆషాఢంలో కోసిగి నుంచి కార్డు వచ్చింది. ఈరన్న స్టేషన్లో ఎవరితోనో రాయించినట్టున్నాడు. ఆడబిడ్డ పుట్టిందని, తల్లీ బిడ్డా బాగున్నారని రెండు వరసలు. కృష్ణవేణమ్మ చదివి వినిపించింది. ఇంకొకసారి చదవమన్నాను. రమ్మని ఉందేమోనని. లేదు. ఆమె కార్డు తిప్పి రెండోవైపు కూడా చూసి, తల అడ్డంగా ఊపింది.

నేను పోతానని ఆమెతో చెప్పాను. ఎన్నాళ్లకు వస్తావని అడిగింది. చెప్పలేనన్నాను. తిమ్మయ్యగారు డ్రైవరుతో చెప్పి నన్ను స్టేషనుకు కార్లో పంపబోయారు. వద్దని నడిచిపోయాను.

కోసిగిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికి అక్కడ ఒక వాన పడింది. నేల తడిసీ తడవనట్టు ఉంది. ఈరన్న రైలుకట్ట మీద కంకర కొట్టే పనికి పోతున్నాడని దారిలో ఎవరో చెప్పారు. ఇంటికి పోతే గురమ్మ వాకిట్లోకి వచ్చి, బిడ్డను నా ఒళ్లో పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది. బిడ్డ బరువే లేదు. నల్లగా, నిండు జుట్టుతో ఉంది. నిద్రలో పెదవులు కదుపుతోంది.

ఈరన్న చీకటి పడకముందే వచ్చాడు. సుత్తె గోడకు ఆనించి, నన్ను చూసి, కాళ్లు కడుక్కుని వచ్చాడు. గురమ్మ సంగటి పెట్టింది. వాడు నా వైపు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. రైలు ఎక్కడ ఆలస్యమైందని అడిగాడు. గుంతకల్లులో అని చెప్పాను. కారు ఎట్లా ఉందని అడిగాడు. బాగుందన్నాను. కొత్త డ్రైవరు ఎట్లాంటోడని అడిగాడు. నెమ్మదస్తుడని చెప్పాను. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, అట్లా అటే తిరిగి అన్నాడు.

"ఆ పొద్దు నేను ఆపుతుంటినో లేదో అక్కా. నాకే తెలీదు. కనుమ ఎక్కేసి ఉంటినేమో."

గురమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది.

బిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి తిప్పుతుంటే, వెనక నుంచి వాడు వచ్చి, మంచం వాల్చి, నా కోసం దుప్పటి పరిచాడు.